ఆరువందల రెట్లు

మెళియాపుట్టిలో తొలకరి పడ్డ మూడో సాయంత్రం
తలుపు తీసేసరికి గదినిండా రెక్కల చప్పుడు.
ఏడు నెలలు దండలుగా వేలాడిన దసలి కాయలు
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు లేచాయి.

వైశాఖం ఎండకే పదిహేడు తెరుచుకున్నాయి ఈ ఏడు.
వాన లేదు, మద్దిచెట్టుకి చిగురు లేదు.
వాటి లెక్క వేరే పుస్తకంలో ఉంది,
పక్కన గది ఉష్ణోగ్రతతో సహా.

గూటిని కొరికి రావు ఇవి.
కొరకడానికి నోరే ఉండదు.
ఒక చుక్క ఊరించి, పోగుల జిగురు నానబెట్టి
తలతో తోసుకుంటూ వస్తాయి.
ఆ చుక్కకి నా పుస్తకంలో ఒక పేరుంది.
సవర సుంబురు మాత్రం
‘తలుపు నానేసి తీసింది’ అంటాడు.
నాకు అదే గుర్తుంటుంది.

ఆడవి పసుపు, మగవి ఇటుక రంగు.
రెక్కకొకటి చొప్పున నాలుగు గాజు చుక్కలు,
అవతలి గోడ కనిపించేటంత పలచన.
ఆ అద్దాలు చూసో, నా కళ్లజోడు చూసో
గూడెంలో నన్ను అద్దాలమ్మ అంటారు.

తిండి లేదు, నీళ్లు లేవు.
మట్టి ముంతలో మూడు రాత్రులు
నూట డెబ్బై, నూట ఎనభై గుడ్లు.
నాలుగో పొద్దున నా పని మొదలు.
తల్లి పొట్ట కత్తిరించి, కల్వంలో వేసి
కార్బొనేట్ నీళ్లు రెండు చుక్కలు పోసి నూరుతాను,
పసిబిడ్డకి వసకొమ్ము అరగదీసినంత నెమ్మదిగా.
గాజుపలక మీద ఒక బొట్టు.
ఆరువందల రెట్లు.

మసకగా నాలుగు కొవ్వు బుడగలే కనిపిస్తే
‘మంచిది’ అని రాస్తాను.
అప్పటికి తల్లి లేదు.

మెరిస్తే మాత్రం,
సామల్లా కోలగా, మిలమిలా మెరిస్తే
పెబ్రిన్.
పాలు పట్టని తల్లి
గుడ్డులోనే పంచిపెట్టిన వాటా.
ఆ ముంత నిప్పుల్లోకి పోవాలి.

సుంబురు ముంతలు నలభై.
ముప్పైఒకటి మెరిశాయి.

కొండ దిగి వచ్చాడు, గొడుగూ కత్తీ గుమ్మంలో పెట్టి.
‘గుడ్లు నిండుగా ఉన్నాయి గదమ్మా, లోటేటి?’
స్టూలు జరిపాను.
ముందు తన రెప్పవెంట్రుకలే చూశాడు.
తర్వాత రెండో కన్ను మూశాడు.
తర్వాత చాలాసేపు మాట లేదు.

‘నిరుడు పురుగులు ఎదగక సెట్టు మీదే సిక్కిపోయి రాలిపోతే
నాను కాకుల్ని తిట్టినాను.
మా ఆడమనిసిని తిట్టినాను,
మైలతోటి సెట్టుకాడికొచ్చినావని.
నలభై దినాలు మద్దితోపు కంచె దాటనివ్వలేదు.’

నేనేమీ అనలేదు.
స్పిరిట్ దీపం ఆర్పాను.
సూక్ష్మదర్శిని కింద మైలకి రూపం ఉండదని
చదువు చెప్పినప్పుడు ఎవరూ చెప్పలేదు, అడగనూ లేదు.

మర్నాడు ఆమెను తీసుకొచ్చాడు. పొల్లమ్మ.
కాళ్లకి ఇంకా గెడ్డ బురద.
స్టూలు మీద కూర్చోలేదు, నిలబడే వంగి చూసింది.
చూసి, నాతో కాదు, అతనితో,
‘ఇంకోపాలి సూడు’ అంది.
అతను చూశాడు.
‘సరిగ్గా సూడు.’
మళ్లీ చూశాడు.

పెరట్లో ముప్పైఒక్క ముంతల గుడ్లు
నువ్వులు వేగినట్టు చిటపటలాడాయి.
కొత్త గుడ్లకి కాగితం రాసిచ్చాను, వేలిముద్ర వేశాడు.
సంచి భుజాన వేసుకుని కూడా కదల్లేదు ఆమె.
నా బల్ల మీద తెగిపడ్డ రెక్క ఒకటి తీసి
అందులోని గాజుచుక్క కంటికి ఆనించుకుని
మొగుడి వైపు చూసింది.

‘ఇదెన్ని రెట్లమ్మా?’

ఒక్కటే, అన్నాను.
ఉన్నంతే కనబడతాది.

ఇంకా చూస్తూనే ఉంది.
గుమ్మంలో అతను
తడి గొడుగు విప్పాడు, మూశాడు, మళ్లీ విప్పాడు.